చరిత్ర పరిశోధన, రచన సెమినార్: డిగ్రీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలో చరిత్ర చదివేవాళ్ళు చివరి ఏడాదికి వచ్చేసరికి పరిశోధన సెమినార్‌లో కూర్చుని సొంతంగా ఒక దీర్ఘ వ్యాసం రాయాల్సి వస్తుంది. ఆ సమయంలో వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. పేజీల సంఖ్య, గడువులు, మార్కుల విభజన ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. చెప్పే మాట గాల్లో తేలిపోకుండా ఉండాలని చాలాచోట్ల ఒకే ఉదాహరణ తీసుకున్నాను: 1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి, ముఖ్యంగా శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో మాస్కుల గొడవ.

సెమినార్‌కీ మామూలు చరిత్ర తరగతికీ తేడా ఏమిటి?

తరగతిలో ఇతరులు తేల్చిన విషయాలు నేర్చుకుంటారు. సెమినార్‌లో మీరే ఒక ప్రశ్న వేసుకుని, ఆ కాలంలో పుట్టిన పత్రాల్లో జవాబు వెతికి, దొరికినదాన్ని తోటివాళ్ళ ముందు పెడతారు. వాళ్ళు గుచ్చి గుచ్చి అడుగుతారు. మీరు ఆధారం చూపించాలి.

ఈ పద్ధతి 19వ శతాబ్దపు జర్మనీలో స్థిరపడింది. చరిత్రకారుడు లియోపోల్డ్ ఫాన్ రాంకె బెర్లిన్‌లో కొద్దిమంది విద్యార్థులను చుట్టూ కూర్చోబెట్టుకుని మధ్యయుగ పత్రాలను పంక్తి పంక్తీ చదివించేవారు. 1880ల్లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ బాక్స్‌టర్ ఆడమ్స్ అదే దారిలో సెమినార్ నడిపారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఉడ్రో విల్సన్ అక్కడ చదువుకున్నవారే. అప్పట్లో అది పరిశోధక విద్యార్థులకు మాత్రమే దక్కేది. ఇప్పుడు ఇరవై ఏళ్ళ వయసులోనే ఈ అవకాశం వస్తోంది. చరిత్ర చదువులో ఇంతకన్నా విలువైన కోర్సు ఇంకొకటి లేదని నా నమ్మకం.

నాకు ఇంకా అంశమే దొరకలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీకు నిజంగా ఆసక్తి ఉన్న చోట. ఆటలు, వైద్యం, జైళ్ళు, రైళ్ళు, దుస్తులు, ప్రకటనలు, వలసలు... చరిత్ర లేని విషయం లేదు. గురువుకు నచ్చుతుందని ఎంచుకున్న అంశం నెల తిరిగేసరికి బరువవుతుంది.

ఆసక్తి ఒక్కటే చాలదు. అంశం ఖాయం చేసుకునే ముందు మూడు విషయాలు చూసుకోండి. ఆ అంశం మీద ఆ కాలపు పత్రాలు మిగిలి ఉన్నాయా? ఉంటే మీ చేతికి అందేలా ఉన్నాయా? అవి ఏ భాషలో, ఏ లిపిలో ఉన్నాయి, మీరు చదవగలరా? ఒట్టోమన్ సుల్తానుల దర్బారు మీద ఎంత మోజున్నా, అరబిక్ లిపిలో రాసిన ఒట్టోమన్ టర్కిష్ చదవడం రాకపోతే ఒక్క సెమిస్టర్‌లో ఆ పత్రాల దగ్గరికి చేరలేరు. అదే దర్బారును చూసిన విదేశీ రాయబారుల లేఖలు మీరు చదవగలిగే భాషలో ఉంటే, అంశాన్ని అటు తిప్పుకోవచ్చు. అప్పుడు మీ వ్యాసం దర్బారు గురించి ఎంతో, ఆ రాయబారుల చూపు గురించీ అంతే అవుతుంది. ఆ సంగతి మొదటి పేజీలోనే చెప్పేయాలి.

"అంశం ఉంది కానీ ప్రశ్న లేదు" అని మా గురువు అన్నారు. అంటే ఏమిటి?

ఈ జవాబు కాస్త పొడవు. సెమినార్‌లో తొంభై పాళ్ళు కష్టం ఇక్కడే ఉంది.

"1918 ఇన్‌ఫ్లుయెంజా" అనేది అంశం. "సమాజంపై ఇన్‌ఫ్లుయెంజా ప్రభావం" కూడా అంశమే, పేరు మాత్రం పెద్దదైంది. దీనికి జవాబు చెప్పాలంటే ఒక జీవితకాలం చాలదు. ఇప్పుడు ఒక్క నగరాన్ని తీసుకుందాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1918 అక్టోబరులో అందరూ మాస్కు కట్టుకోవాలని నిబంధన తెచ్చారు. నవంబరులో ఎత్తేశారు. జబ్బు మళ్ళీ పెరగడంతో 1919 జనవరిలో తిరిగి తెచ్చారు. ఈ రెండో విడతలోనే యాంటీ మాస్క్ లీగ్ అనే సంఘం పుట్టింది. ఇక్కడ ఆగి చూడండి. అదే నగరం, అదే నిబంధన, మధ్యలో కొన్ని వారాలే. అయినా సంఘం కట్టి ఎదిరించడం రెండోసారే ఎందుకు జరిగింది?

ఇది ప్రశ్న. దీనికి ఒకటికి మించి జవాబులు సాధ్యం. 1918 నవంబరు 11న మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది కాబట్టి, మాస్కు కట్టుకోవడం దేశభక్తి అన్న మాటకు బలం తగ్గిందేమో. వ్యాపారులు నష్టపోయారేమో. మాస్కులు పనిచేయలేదని జనం అనుకున్నారేమో. నగర పాలకుల మీద అంతకుముందే ఉన్న కోపానికి ఇదొక సాకు దొరికిందేమో. వీటిలో ఏది ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి నగర పాలకమండలి చర్చలు, పత్రికలు, సంపాదకుడికి లేఖలు, అరెస్టుల వార్తలు చూడాలి. ప్రశ్న బాగుంటే ఏ పత్రం తెరవాలో అదే చెబుతుంది.

పత్రాలు చదివే కొద్దీ ఆ ప్రశ్న మారుతుంది, మారాలి కూడా. మొదటి వారంలో రాసుకున్న ప్రశ్న ఆఖరి వారం దాకా అక్షరం మారకుండా ఉందంటే, పత్రాలను మీరు పూర్తిగా విన్నట్టు లేదు.

నా అంశం మరీ చిన్నదేమో అనిపిస్తోంది.

చిన్న అంశాలే పెద్ద సంగతులు చెప్పగలవు. ఇటాలియన్ చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ 16వ శతాబ్దపు ఫ్రియులీ ప్రాంతంలో పిండిమర నడుపుకునే మెనోకియో అనే ఒకే ఒక్క మనిషి మీద మతవిచారణ న్యాయస్థానం నడిపిన విచారణ పత్రాలు తీసుకుని, సామాన్యులు పుస్తకాలను ఎలా చదివేవారు, లోకాన్ని ఎలా ఊహించుకునేవారు అన్నదాని మీద గొప్ప అధ్యయనం చేశారు. అంశం ఎంత చిన్నదైనా ఫరవాలేదు, దాని కిటికీలోంచి ఏం కనిపిస్తుందో మీరు చెప్పగలిగితే చాలు. మూడు శతాబ్దాలను ఇరవై పేజీల్లో కుక్కిన వ్యాసాల కన్నా, మూడు నెలల సంగతి ఓపికగా విప్పిన వ్యాసాలే నాకు ఎప్పుడూ నచ్చుతాయి.

ప్రాథమిక ఆధారం, ద్వితీయ ఆధారం: ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగే కాలంలోనే పుట్టినది ప్రాథమిక ఆధారం, తర్వాతివాళ్ళు ఆ కాలం గురించి రాసినది ద్వితీయ ఆధారం. కాబట్టి ఏది ఏమిటో మీ ప్రశ్నను బట్టి తెలుస్తుంది. 1930లో అచ్చయిన పాఠ్యపుస్తకంలో ఫ్రెంచి విప్లవం గురించి ఉందనుకోండి. మీ ప్రశ్న విప్లవం గురించి అయితే అది ద్వితీయ ఆధారం. 1930ల్లో పిల్లలకు విప్లవాన్ని ఎలా బోధించారన్నది ప్రశ్న అయితే అదే పుస్తకం ప్రాథమిక ఆధారం. కాబట్టి పత్రాలను రెండు డబ్బాల్లో వేసేసి ఊరుకోకండి. "నా ప్రశ్నకు ఇది ఏ రకంగా సాక్ష్యం చెబుతోంది?" అని ప్రతిసారీ అడగండి.

ఒక పత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ముందు అది అసలైనదేనా అన్నది. 4వ శతాబ్దపు రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ సామ్రాజ్యంపై అధికారాన్ని పోపుకు దానమిచ్చాడని చెప్పే పత్రాన్ని మధ్యయుగాల్లో చాలాకాలం నిజమని నమ్మారు. 1440లో ఇటాలియన్ పండితుడు లొరెంజో వల్లా ఆ పత్రంలోని లాటిన్‌ను పట్టి పట్టి చదివి, అది 4వ శతాబ్దపు భాష కాదని తేల్చారు. రోమ్ అధికారులను "సత్రప్"లని (పర్షియా రాష్ట్రాల పాలకుల పేరు అది) పిలవడం లాంటి పొంతన లేని మాటలు అందులో దొరికాయి. మన కాలంలోనూ ఇలాంటివి జరిగాయి. 1983లో జర్మన్ పత్రిక స్టెర్న్ హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటించింది. పేరున్న చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్ మొదట అవి అసలైనవేనన్నారు. రెండు వారాలు తిరక్కముందే జర్మన్ ప్రభుత్వ ఆర్కైవ్స్ (పాత పత్రాలు భద్రపరిచే చోటు) పరీక్షల్లో ఆ కాగితం యుద్ధం తర్వాతిదని బయటపడింది.

మీ సెమినార్‌లో ఫోర్జరీ తగలడం అరుదు. తరచుగా ఎదురయ్యే చిక్కు వేరు. పత్రం అసలైనదే, రాసినవాడు అబద్ధమాడలేదు, అయినా అది అంతా చెప్పదు. 1936 నుంచి 1938 వరకు అమెరికాలో ఒకప్పుడు బానిసలుగా బతికిన వృద్ధులను ప్రభుత్వ పథకం కింద ఇంటర్వ్యూ చేసి 2,300కు పైగా కథనాలు సేకరించారు. ఇంటర్వ్యూ చేసినవారిలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. ఛార్లెస్టన్ నగరంలో ఒకే వృద్ధురాలిని ఒక తెల్లజాతి మహిళ ఒకసారి, ఒక నల్లజాతి పురుషుడు మరోసారి అడిగారు. ఆ తెల్లజాతి మహిళకు చెప్పినదాంట్లో యజమాని మంచివాడు. ఆ నల్లజాతి పురుషుడికి చెప్పినదాంట్లో కొరడా దెబ్బలు, విడదీసి అమ్మేసిన కుటుంబాల ఏడుపులు ఉన్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవని చరిత్ర విద్యార్థి ఉండకూడదని నా కోరిక. ఎవరు అడిగారు, ఎవరి ముందు చెప్పారు, చెబితే ఏం జరుగుతుందని భయపడ్డారు అన్నవి కూడా సాక్ష్యంలో భాగమేనని ఒక్క చదువుతో తెలుస్తుంది.

పత్రాలు అసలు ఏమీ చెప్పకపోతే?

ఎందుకు చెప్పలేదో అడగండి. 1918లో యుద్ధం చేస్తున్న దేశాల్లో పత్రికలపై సెన్సార్ ఉండేది, జబ్బు వార్తలు అణిగిపోయాయి. స్పెయిన్ తటస్థ దేశం కాబట్టి అక్కడి పత్రికలు స్వేచ్ఛగా రాశాయి, రాజు అల్ఫాన్సో XIII జబ్బుపడిన సంగతితో సహా. దాంతో జబ్బు అక్కడే పుట్టిందన్నట్టు "స్పానిష్ ఫ్లూ" అనే పేరు పడిపోయింది. వార్త లేకపోవడం వల్ల పుట్టిన పేరు అది.

ఒకచోట మౌనం ఉంటే ఇంకోచోట జాడ దొరకవచ్చు. మరణాల గురించి పత్రికలు పొడిపొడిగా రాసినా జనగణన దాచలేదు. భారతదేశంలో 1911తో పోలిస్తే 1921 నాటికి జనాభా తగ్గింది. ఆ దేశపు జనగణనల్లో అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే. ఆసుపత్రి రిజిస్టర్లు, శ్మశానాల లెక్కలు, బీమా చెల్లింపులు, బడుల హాజరు పట్టీలు ఇలాగే పనికొస్తాయి. ఏ జాడా దొరకనప్పుడు "ఇక్కడ ఆధారం లేదు" అని రాసేయండి. అది సిగ్గుపడాల్సిన వాక్యం కాదు.

ఆర్కైవ్‌కి ఎప్పుడూ వెళ్ళలేదు. లోపల ఎలా ఉంటుంది?

నిశ్శబ్దంగా ఉంటుంది, పని నెమ్మదిగా సాగుతుంది. గ్రంథాలయంలోలా అల్మరా దగ్గరికి వెళ్ళి తీసుకోవడానికి వీలుండదు. కేటలాగ్‌లో చూసి, ఫైలు నంబరుతో చీటీ రాసిస్తే సిబ్బంది తెచ్చిస్తారు. చాలా ఆర్కైవ్‌లలో పెన్నులు లోపలికి రానివ్వరు, పెన్సిలే వాడాలి. బ్యాగులు బయట పెట్టాలి. ఫొటోలు తీయనిస్తారో లేదో ముందే కనుక్కోండి. గుర్తింపు కార్డు ఏది కావాలో, ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో కూడా.

ఫొటో తీస్తే మొదటి ఫొటో ఫైలు అట్టది కావాలి, దాని మీద నంబరు స్పష్టంగా కనబడాలి. నెల తర్వాత మీ ఫోన్‌లో ఉన్న నాలుగు వందల కాగితాల్లో ఏది ఏ ఫైలుదో చెప్పేది అదే.

సిబ్బందితో మాట్లాడండి. మీ ప్రశ్నను రెండు వాక్యాల్లో చెప్పి సలహా అడగండి. కేటలాగ్‌లో పేరుతో కనబడని ఫైళ్ళు వాళ్ళకు తెలుసు.

ఆర్కైవ్‌కి వెళ్ళకుండా ఆన్‌లైన్ పత్రాలతోనే రాయొచ్చా?

రాయొచ్చు, మంచి వ్యాసాలు అలా వచ్చాయి. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో 1674 నుంచి 1913 వరకు జరిగిన విచారణల అచ్చు నివేదికలు ఉచితంగా వెతకడానికి వీలుగా ఉన్నాయి. దొంగలు, సాక్షులు, పనిమనుషులు, అంగడివాళ్ళు అందరూ అందులో మాట్లాడతారు.

కాకపోతే వెతుకులాట పెట్టెను గుడ్డిగా నమ్మకండి. యంత్రం పాత అచ్చును తప్పుగా చదువుతుంది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు అచ్చులో ఎస్ అక్షరం ఎఫ్‌లా కనబడేది, యంత్రం దాన్ని ఎఫ్‌గానే తీసుకుంటుంది. ఆ కాలం వాళ్ళు వాడిన మాట వేరై ఉండొచ్చు కూడా. ఇన్‌ఫ్లుయెంజాను "గ్రిప్" అనీ రాశారు. మీరు ఒక్క పేరుతో వెతికి "వార్తలు లేవు" అని తేల్చేస్తే ఆ తీర్పు తప్పవుతుంది. వెతికి దొరికిన ముక్కతో ఆగకుండా ఆ రోజు పత్రిక మొత్తం తిరగేయండి. మాస్కుల వార్త పక్కన ఏ వార్త వేశారో కూడా చరిత్రే.

నోట్సు ఎలా రాసుకోవాలి?

పత్రంలోని మాటను యథాతథంగా ఎత్తి రాస్తే వెంటనే కొటేషన్ గుర్తులు పెట్టండి, పేజీ నంబరు వేయండి. మీ ఆలోచనను వేరే రంగులోనో వేరే వరుసలోనో రాయండి. తెలియక చేసిన గ్రంథచౌర్యం చాలావరకు ఇక్కడే పుడుతుంది: మూడు వారాల తర్వాత ఏది ఎవరి వాక్యమో గుర్తుండదు.

తేదీలతో జాగ్రత్త. ఇంగ్లండులో 1752 దాకా అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రాజు ఛార్లెస్ I తల నరికింది మన లెక్కలో 1649 జనవరి 30న, ఆనాటి పత్రాల్లో మాత్రం 1648 అని ఉంటుంది. రష్యా "అక్టోబరు విప్లవం" కొత్త క్యాలెండరు ప్రకారం 1917 నవంబరు 7న జరిగింది. పత్రంలో ఉన్న తేదీని ఉన్నట్టే రాసుకుని, సరిచేసిన తేదీని పక్కన వేసుకోండి.

నా అంశం మీద ఇప్పటికే చాలామంది రాసేశారు. ఇక నేను చెప్పేదేముంది?

చాలామంది రాశారంటే ఆ అంశానికి ప్రాణం ఉందని అర్థం. వాళ్ళు ఏయే విషయాల్లో ఏకీభవించారు, ఎక్కడ గొడవపడ్డారు, ఏ పత్రాలను పట్టించుకోలేదు అని చూడండి. ఆ గొడవలో మీ వ్యాసం ఎవరి పక్కన కూర్చుంటుందో, లేదా ఇద్దరినీ ఎక్కడ సరిదిద్దుతుందో చెప్పడమే మీ పని. "ఫలానావారు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు" అని పేర్ల జాబితా రాస్తే పాఠకుడికి ఏమీ అందదు. ఇద్దరు ముగ్గురితో నిజంగా వాదించండి, చాలు.

పరిశోధన అంతా అయ్యాకే రాయడం మొదలుపెట్టాలా?

వద్దు. ఆ "అంతా అయ్యాక" ఎప్పటికీ రాదు. మూడో వారంలోనే ఒక్క పత్రం తీసుకుని దాని మీద రెండు పేజీలు రాయండి. రాస్తున్నప్పుడే మీకు ఏం తెలియదో తెలుస్తుంది. చిత్తుప్రతిలో వాదన సాధారణంగా ఆఖరి పేరాలో బయటపడుతుంది, ఎందుకంటే రాస్తూ రాస్తూ అక్కడికి చేరి ఉంటారు. దాన్ని తీసుకెళ్ళి మొదటి పేజీలో పెట్టి మిగతాది దానికి తగ్గట్టు తిరిగి రాయండి. చాలా వ్యాసాలు ఈ ఒక్క మార్పుతో నిలబడతాయి.

నా వాదనకు ఎదురు చెప్పే పత్రం దొరికింది. ఏం చేయాలి?

వ్యాసంలో పెట్టండి. మాస్కు వ్యతిరేకతకు కారణం యుద్ధం ముగియడమేనని మీరు వాదిస్తున్నారనుకుందాం. యుద్ధం నడుస్తుండగానే, అక్టోబరులోనే, మాస్కు కట్టుకోనందుకు అరెస్టయినవాళ్ళ వార్తలు కనబడతాయి. వాటిని పక్కకు నెట్టేస్తే మీ వ్యాసం చదివే ఎవరో ఒకరు వాటినే ఎత్తి చూపుతారు. వాటిని లోపలికి తెచ్చుకుంటే వాదన ఇంకా పదునెక్కుతుంది: ధిక్కారం మొదటినుంచీ ఉంది, రెండో విడతలో మారింది అది సంఘంగా ఏర్పడడం. ఇప్పుడు మీ ప్రశ్న వ్యక్తుల కోపం గురించి కాకుండా, ఆ కోపాన్ని ఎవరు కూడగట్టారన్నదాని గురించి. సెమినార్‌లో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగేది, ఒక విద్యార్థి వచ్చి "నేననుకున్నది సరికాదు, కానీ ఇంకోటి దొరికింది" అన్నప్పుడు.

ఫుట్‌నోట్లు ఇన్ని ఎందుకు?

మీ మాటను పాఠకుడు పరీక్షించుకోవడానికి. ఆ ఫైలు తెప్పించుకుని, ఆ పేజీ తెరిచి, మీరు సరిగ్గా చదివారా లేదా చూసే హక్కు అతనికుంది. ఇంగ్లీషు చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్య చరిత్ర తొలి సంపుటి 1776లో వచ్చినప్పుడు నోట్లన్నీ పుస్తకం చివర ఉండేవి. మాటిమాటికీ వెనక్కి తిప్పలేక విసిగిన తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వాటిని పేజీ కిందే వేయాలని ప్రచురణకర్తకు రాశారు. తర్వాతి ముద్రణల్లో అవి కిందికి వచ్చాయి. శైలి ఏదైనా మీ కోర్సులో చెప్పినదాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకేలా పాటించండి. ఒక పుస్తకంలో ఉదహరించిన పత్రాన్ని మీరు స్వయంగా చూడకపోతే, ఆ పుస్తకం ద్వారా చూశానని నోట్‌లో చెప్పండి.

వికీపీడియా వాడొచ్చా?

మొదటి గంటలో పేర్లు, తేదీలు పట్టుకోవడానికి వాడండి. అక్కడి నుంచి అది చూపించే పుస్తకాల్లోకి వెళ్ళండి. ఫుట్‌నోట్‌లో దానికి చోటు లేదు.

ఏఐ సాధనాలతో రాయించుకుంటే?

మీ సంస్థ నియమాలు ముందు చదవండి. నియమాలు ఒప్పుకున్నా ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ సాధనాలు లేని పుస్తకాలను, లేని పేజీలను నిజమైనవాటిలాగే చెప్పగలవు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను కోర్టు ముందు పెట్టి జరిమానా కట్టారు. చరిత్రలో మన పరువంతా ఆధారం మీదే నిలిచి ఉంది, మీరు కళ్ళతో చూడని దాన్ని ఉదహరించకండి. పైగా, వాదన తయారయ్యేది రాయడంలోనే. ఆ పని ఇంకొకరికి అప్పగిస్తే కోర్సులో నేర్చుకోవాల్సింది మీ చేతుల్లోంచి జారిపోతుంది.

"నేను" అని రాయొచ్చా?

"నా వాదన ఇది" అని సూటిగా చెప్పడానికి రాయొచ్చు. "నాకు అనిపిస్తోంది" అని ఆధారం ఎగ్గొట్టడానికి వద్దు.

తోటివాళ్ళ చిత్తుప్రతి మీద ఏం చెప్పాలో తెలియడం లేదు.

అక్షరదోషాలు దిద్దడం తేలిక కాబట్టి అందరూ అదే చేస్తారు. దానికన్నా ముందు ఈ వ్యాసం ఏం వాదిస్తోందో మీ మాటల్లో ఒక్క వాక్యంలో రాసి రచయితకు చూపండి. రచయిత అనుకున్నదీ మీరు రాసినదీ కలవకపోతే ఎక్కడ దారి తప్పిందో ఇద్దరికీ తెలుస్తుంది. తర్వాత మీరు నమ్మలేకపోయిన ఒక చోటును వేలు పెట్టి చూపండి: "ఈ పేరాలో ఈ మాటకు ఆధారం కనబడలేదు." బాగున్నదాన్ని కూడా అంతే కచ్చితంగా చెప్పండి. "బాగుంది" అంటే ఉపయోగం లేదు. "ఆ లేఖను మీరు చదివిన తీరు వల్లే నాకు నమ్మకం కుదిరింది" అంటే ఉంది.

మీ ప్రతి మీద విమర్శ వచ్చినప్పుడు అక్కడికక్కడే సమర్థించుకోవడం మొదలుపెట్టకండి. అన్నీ రాసుకోండి. ఇద్దరు ఒకే చోట తడబడితే, వాళ్ళు చెప్పిన పరిష్కారం తప్పయినా ఆ చోటులో ఏదో ఉంది.

గడువు దగ్గరపడింది, ఇంకా చదవాల్సిన ఫైళ్ళు ఉన్నాయి. ఎప్పుడు ఆపాలి?

కొత్తగా తెరిచిన పత్రాలు మీకు తెలిసినదాన్నే మళ్ళీ చెబుతుంటే ఆపండి. అలా కాకపోయినా గడువుకు రెండు వారాల ముందు ఆపండి. చూడలేకపోయిన ఫైళ్ళు ఏవో, వాటిలో ఏం ఉండొచ్చని అనుకుంటున్నారో ఒక ఫుట్‌నోట్‌లో రాయండి. తర్వాత అదే అంశం ఎత్తుకునే విద్యార్థికి అది పనికొస్తుంది. మిగిలిన సమయంలో వ్యాసాన్ని ఒకసారి పైకి చదవండి, ప్రతి ఉల్లేఖననూ మీ నోట్సుతో, ఫొటోలతో పోల్చి చూడండి. ఈ సరిచూసే పనికే ఒక పూర్తి రోజు కేటాయించుకోండి.